బోరుకొచ్చిన ఓమ్నీ: ఇంజిన్ చేయించాలా, వేరేది వేయాలా?

పాత వ్యాను షెడ్డుకొస్తే ఓనరు అడిగే మొదటి మాట ఒకటే. “ఇంజిన్ చేయించుకోమంటావా, తీసిపడేసి వేరేది వేయించుకోమంటావా?” ఇరవై రెండేళ్లుగా బండి చప్పుడు విని అక్కడికక్కడే జవాబు చెప్పేసేవాణ్ణి. ఈ కేసు తర్వాత అలా చెప్పడం మానేశాను. ఇందులో నా తప్పు ఒకటుంది. దాని ఖరీదు 7,200 రూపాయలు, కట్టింది ఓనరు. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. ఊరు, పేరు, బండి నంబరు తీసేశాను.

బండి, మనిషి

ఓనరు పెళ్లిళ్లకి వంటలు చేసే మేస్త్రి. అరవై దాటాయి. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అబ్బాయ్ అంటాడు. షెడ్డులో ఎవరైనా “మేస్త్రీ” అని కేకేస్తే మాత్రం ఇద్దరం తలెత్తుతాం.

బండి 2009 మోడల్ పెట్రోల్ మారుతి ఓమ్నీ. మూడు సిలిండర్లు, 796 సీసీ. 1984లో మొదలై 2019లో తయారీ ఆగిపోయిన వ్యాను ఇది. ఇంజిన్ మారుతి 800 కారుదే కాబట్టి సామానుకి ఇప్పటికీ ఇబ్బంది లేదు. పిస్టన్ల దగ్గర్నుంచి గాస్కెట్ల దాకా ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. రిపేరా, మార్పా అని లెక్కేసేటప్పుడు నేను ముందు చూసేది ఇదే. సామాను దొరకని ఇంజిన్ ఎంత మంచిదైనా దాని మీద డబ్బు పెట్టమని చెప్పను.

మీటరు కేబుల్ ఎప్పుడో తెగింది. 1,12,000 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తిరిగిందో ఆయనకీ తెలీదు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయిపోతే 2024లో మరో ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకున్నాడు. అంటే కాగితాల ప్రకారం బండికి 2029 వరకు ఆయుష్షుంది.

“అమ్మేసి మారుతి ఈకో వ్యాను కొనుక్కో బాబాయ్” అని నేను అంతకుముందే రెండుసార్లు చెప్పాను. ఆయనకి ఇష్టం లేదు. ఓమ్నీ నేలకి బాగా దగ్గరగా ఉంటుంది, తలుపులు పక్కకి జరుగుతాయి. నిండు గుండిగని ఇద్దరు మనుషులు ఎత్తి లోపలికి నెట్టేయగలరు. పైగా సెకండ్ హ్యాండ్ ఈకోకి అప్పుడు రెండున్నర లక్షలు చెప్తున్నారు.

ఏమైంది

జ్యేష్ఠమాసం చివరి ముహూర్తాలు. బండిలో రెండు గుండిగలు, ఇనుప పొయ్యిలు, నలుగురు మనుషులు. హైవే మీద టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోయి, సీటు కింద నుంచి ఆవిరి కొట్టింది. ఈ బండిలో ముందు సీట్ల కిందే ఇంజిన్ ఉంటుంది కాబట్టి ఆ వేడి ముందు తెలిసేది డ్రైవరుకే. ఆపాడు. కాసేపాగి రేడియేటర్లో రెండు చెంబుల చన్నీళ్లు పోశాడు. మళ్లీ స్టార్ట్ చేసి ఏడు కిలోమీటర్లు నడిపాడు.

ఎందుకు నడిపావని అడిగితే, “సాంబారు బండిలో ఉంది. పంక్తిలో కూర్చున్నవాళ్లకి బండి ఆగిందని చెప్తే ఊరుకుంటారా అబ్బాయ్?” అన్నాడు. ఆ ఏడు కిలోమీటర్లే ఇంజిన్‌ని చంపాయి. అయినా ఆయన స్థానంలో ఉంటే నేనూ నడిపేవాణ్ణేమో.

మర్నాడు తాడు కట్టి తెచ్చారు. సెల్ఫ్ కొడితే మూడు సిలిండర్లలో ఒకటే పలుకుతోంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే అడుగున పాలు విరిగినట్టు కాఫీ రంగు నురగ. అంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. ఇంకో సంగతి ఆయన మాటల మధ్యలో బయటపడింది. ఏడాదిగా ఆరేడు వందల కిలోమీటర్లకి లీటరు ఆయిల్ పోస్తున్నాడట. “తాగుతోంది, పోస్తున్నా” అన్నాడు, గేదెకి కుడితి పెట్టినంత మామూలుగా.

ప్లగ్గులు మూడూ తీసి కంప్రెషన్ గేజి (సిలిండర్లో గాలి ఒత్తిడి కొలిచేది) పెట్టాను. ఒకటో సిలిండర్ 135 పీఎస్‌ఐ, రెండు 85, మూడు 80. ఈ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 170 దగ్గర చూపించాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయాయంటే సాధారణంగా ఆ రెంటి మధ్య హెడ్ గాస్కెట్ (సిలిండర్లకీ, వాటి మీద మూతలా ఉండే హెడ్డుకీ మధ్య సీలు) కాలిపోయి ఉంటుంది. తర్వాత ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టాను. రెండు, మూడు కదల్లేదు. ఒకటో సిలిండర్ 135 నుంచి 160కి లేచింది. ఆయిల్ పోస్తే లేచిందంటే అక్కడ గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి పోతోందని అర్థం.

అంటే జబ్బులు రెండు. గాస్కెట్ నిన్నటిది. రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అరుగుదల ఎన్నేళ్లదో.

మొదటి ప్రయత్నం

ఐదు రోజుల్లో ఇంకో రెండు పెళ్లిళ్లున్నాయి. తర్వాత ఆషాఢం, పనుండదు. బాబాయ్ దగ్గర చేతిలో డబ్బూ లేదు. గాస్కెట్ మార్చి, హెడ్డు ఫేసింగ్ (వంపు పోయేలా చదును) చేయించి, ఈ రెండు పెళ్లిళ్లు గట్టెక్కించి, బోరు సంగతి ఆషాఢంలో తీరిగ్గా చూద్దామన్నాను. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనుకోను. దాన్ని అమలు చేసిన తీరు తప్పు.

హెడ్డు తీసి స్కేలు పెట్టి, ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూస్తే మధ్యలో 0.12 మిల్లీమీటర్ల వంపు. 0.05 దాటితేనే నేను ఫేసింగ్‌కి పంపుతాను. పంపాను. లేత్ షాపులో కుర్రాడు అడిగాడు: “ప్రెజర్ టెస్ట్ చెయ్యమంటారా? ఆరు వందలవుద్ది, రేపు ఇస్తాం.” వద్దన్నాను. పగులు కంటికి కనిపించలేదు, రేపటిదాకా ఆగే టైమూ లేదు.

బిగించాక కంప్రెషన్ 138, 132, 130 వచ్చింది. గొప్పగా లేదు గానీ పరుగెడుతుంది. రెండు పెళ్లిళ్లూ అయ్యాయి. నాలుగో రోజు ఫోన్: “అబ్బాయ్, పొద్దున తెల్ల పొగొస్తోంది. అర లీటరు నీళ్లు తగ్గాయి.”

మళ్లీ ప్లగ్గులు తీశాను. ఒకటో సిలిండర్ ప్లగ్గు ఆయిల్ మసితో నల్లగా జిడ్డుగా ఉంది. మూడోది కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా మెరుస్తోంది. పాత ఇంజిన్లో ఒక్క ప్లగ్గు మాత్రమే అంత శుభ్రంగా ఉంటే భయపడాలి. ఆ సిలిండర్లోకి నీళ్లు చేరుతున్నాయి, ఆవిరి దాన్ని తోమేస్తోంది.

హెడ్డు విప్పి ఈసారి టెస్ట్ చేయించాను. చల్లని నీళ్లలో ముంచి గాలి కొడితే ఏమీ లేదు. వేడినీళ్లలో పెట్టాక మూడో సిలిండర్ రెండు వాల్వు సీట్ల మధ్య నుంచి సన్నటి బుడగలు చీమల బారులా పైకొచ్చాయి. వెంట్రుక పగులు. వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. కాగే హెడ్డు మీద పడ్డ రెండు చెంబుల చన్నీళ్ల ఫలితం కావచ్చు, తర్వాతి ఏడు కిలోమీటర్ల ఫలితం కావచ్చు. ఎలా వచ్చినా, మొదటిరోజు ఆరు వందలు పెట్టుంటే తెలిసేది. ఫేసింగ్, గాస్కెట్ సెట్టు, ఆయిల్, మజూరీ అన్నీ కలిపి 7,200 నీళ్లపాలు.

గీత గీసుకోవడం

బాబాయ్ మొదట అన్న మాట: “ఏడు వేలు పెట్టేశాం కదా, ఇప్పుడు వదిలేస్తే ఎలా?” నేను ఒప్పుకోలేదు. ఆ ఏడు వేలు పోయాయి. ఇవాళ తాడు కట్టుకొచ్చిన బండి అనుకుని మొదటి నుంచీ లెక్కేద్దాం అన్నాను.

ముందు ఇంజిన్ జోలికి పోలేదు. మ్యాట్లు తీయించి, స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కింద పడుకున్నాను. పదహారేళ్లుగా పులుసులు, ఊరగాయ నూనెలు, ఉప్పునీళ్లు ఒలికిన బండి. వెనక ఫ్లోరుకి అరచెయ్యంత కన్నం ఉంది. కానీ పొడవునా పోయి బరువు మోసే రెండు ఇనుప మెంబర్లనీ, సస్పెన్షన్ బిగించే చోట్లనీ పొడిస్తే ఠంగుమన్నాయి, ఎక్కడా దిగబడలేదు. అవి తుప్పు తినేసి ఉంటే ఇంజిన్ మాటే ఎత్తేవాణ్ణి కాదు.

తర్వాత డబ్బు. ఇంజిన్ బాగుంటే ఈ బండికి మా ప్రాంతంలో 70,000 వస్తుంది. ఉన్నదున్నట్టు తుక్కుకిస్తే 22,000. నా పాత అలవాటు ప్రకారం, బాగైన బండి ధరలో సగం దాటి రిపేరుకి పెట్టకూడదు. కాబట్టి 35,000 మీద గీత గీశాం. ఆర్‌సీకి మిగిలింది నాలుగేళ్లు. నలభై ఎనిమిది నెలలకి పంచితే నెలకి దాదాపు 730. ఈకోకి లోన్ పెడితే కట్టాల్సిన వాయిదా దీనికి ఎన్నో రెట్లు.

ఆగాల్సిన చోట్లు కూడా ముందే చెప్పుకున్నాం. సిలిండర్లుండే బ్లాకు పగిలి ఉన్నా, పిస్టన్లు తిప్పే క్రాంకు పనికిరాకపోయినా అక్కడితో ఆపేసి తుక్కుకిచ్చేయడమే. డబ్బు పెట్టడం మొదలయ్యాక ఈ మాట మాట్లాడుకోలేం, అందుకే ముందు.

ఆటోనగర్‌లో రెండు ఇంజిన్లు

బాబాయ్ మేనల్లుడు ఈకో ఇంజిన్ ఎక్కించేద్దామన్నాడు. అది నాలుగు సిలిండర్ల 1,200 సీసీ ఇంజిన్. మౌంటింగులు, వైరింగు, గేర్‌బాక్సు ఏదీ కలవదు. ఆర్టీఓ దగ్గరా నిలవదు. ఆ మాట అక్కడితో వదిలేశాం.

మరి ఓమ్నీదే పాత ఇంజిన్ దొరికితే? ముగ్గురం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. మా వైపు ఎవరికి ఇంజిన్ పని పడినా చివరికి అక్కడికే చేరతాం.

మొదటి షాపులో 15,000 అన్నారు. నూనె మరకల మధ్య ఇంజిన్ నంబరు ఉండాల్సిన చోట మాత్రం కొత్తగా గ్రైండర్ పెట్టిన మెరుపు. ముట్టుకోకుండా వచ్చేశాం. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి కావాలి. మార్చాక 14 రోజుల్లో తెలియజేసి కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. నంబరు లేని ఇంజిన్‌ని ఎక్కడ ఎక్కిస్తారు? రేపు యాక్సిడెంటైతే ఇన్సూరెన్స్‌వాడు మొదట చూసేది అదే.

రెండో షాపులో కాగితాలున్నాయి. 24,000. వెండి రంగు పెయింట్ ఇంకా వాసనొస్తోంది. ఆయిల్ మూత తిప్పితే లోపల తారులాంటి మడ్డి. స్పానర్‌తో క్రాంక్ పుల్లీ తిప్పి చూశాను. మూడు సిలిండర్లూ ఒకేలా ఉన్నాయి, ఒకేలా మెత్తగా. సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి బేరింగులు చూపించమంటే షాపాయన నవ్వాడు. “అట్టా విప్పుకుంటూ కూర్చుంటే మేం యాపారం చేసినట్టే! పదిహేను రోజుల గ్యారంటీ రాసిస్తా.”

టీకొట్టు దగ్గర నిలబడి సిగరెట్ అట్ట మీద లెక్కేశాం. ఇంజిన్ 24,000. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, సీళ్లు ఎలాగూ మార్చాలి. మజూరీ, ఆర్‌సీ పని కలుపుకుంటే 33, 34 వేలు. మన ఇంజిన్‌ని పూర్తిగా చేయించుకున్నా ఇంచుమించు అంతే. మన ఇంజిన్లో ఏం అరిగిందో కొలిచి తెలుసుకోవచ్చు, ఆ షాపు ఇంజిన్లో ఏముందో దేవుడికే తెలియాలి.

పాత ఇంజిన్ కొని వేయడం ఎప్పుడూ తప్పని కాదు. రాడ్డు విరిగి బ్లాకు పగలగొట్టుకుని వచ్చిన బండ్లకి నేనే వేశాను. రోజు ఆగితే రోజు సంపాదన పోయే బండికీ అదే మేలు, రెండు రోజుల్లో రోడ్డెక్కుతుంది. ఈ బండే మాఘమాసం మధ్యలో చెడిపోయుంటే బహుశా ఆ వెండి రంగు ఇంజిన్‌నే ఇంకాస్త గట్టిగా బేరమాడేవాళ్లం. ఆషాఢం కాబట్టి మా దగ్గర పుష్కలంగా ఉన్నది టైమే.

కొలతలు

ఇంజిన్ దించి, బ్లాకు కడిగి బోర్ గేజి పెట్టాం. కొత్తప్పుడు బోరు 68.50 మిల్లీమీటర్లు. పైన, రింగు తిరగబడే చోట 68.59. అడుగున 68.51. పై అంచున గోరు పెడితే తట్టుకునేంత గట్టు. బోరింగ్ చేయించాలన్నాను, అంటే అరిగిన గోడని కోసి కొంచెం పెద్దది చేసి, దానికి తగ్గ పిస్టన్లు వేయడం.

“బోరింగెందుకు? రింగులేస్తే చాలదా?” అన్నాడు బాబాయ్. చాలామంది ఇలాగే అడుగుతారు, చాలామంది మెకానిక్‌లు సరేనంటారు కూడా. మాటల్తో చెప్పకుండా ఒక పాత రింగు తీసి బోరు పైభాగంలో పెట్టి, మూతి మధ్య ఫీలర్ గేజి దూర్చి చూపించాను. 0.70. అదే రింగుని అడుక్కి నెట్టి చూపించాను. 0.45. అంటే పిస్టన్ కిందికీ పైకీ వెళ్లే ప్రతిసారీ రింగు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది, నిమిషానికి కొన్ని వేలసార్లు. కొత్త రింగు వేసినా కొన్నాళ్లకే ఓడిపోతుంది. పైగా ఆ గట్టుకి తగిలి పై రింగు విరిగే ప్రమాదమూ ఉంది.

ఆయన రెండుసార్లు తనే నెట్టి చూసుకున్నాడు. “అంటే సొట్టపడ్డ గిన్నె మీద కొత్త మూత పెట్టి ఇడ్లీలు ఉడకేసినట్టు” అన్నాడు. నేను అంతకన్నా బాగా చెప్పలేను.

ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50 దొరుకుతాయి. లేత్ మేస్త్రి “ఒకేసారి 0.50 కొట్టేస్తే నిశ్చింత” అన్నాడు. అరుగుదల 0.09 అయినప్పుడు 0.25తో గోడ శుభ్రంగా తేలుతుంది. అనవసరంగా లోహం తీయడం దేనికని 0.25కే పట్టుబట్టాను. పిస్టన్లు ముందు కొని ఆయన చేతికిచ్చి, వాటిని కొలిచాకే బోరు కొట్టమన్నాను. డబ్బా మీద ఉన్న అంకె నమ్మి కొట్టిన బోరులో పిస్టన్ పట్టేసిన కేసులు రెండు చూశాను.

క్రాంకు దగ్గర ఊపిరి బిగబట్టాం. నీళ్లు కలిసిన ఆయిల్‌తో నడిచిన ఇంజిన్ మరి. రెండో రాడ్డు బేరింగులో రాగి బయటపడింది. జర్నల్స్ (క్రాంకు మీద బేరింగులు కూర్చునే చోట్లు) మాత్రం మైక్రోమీటరుకి గుండ్రంగానే తేలాయి, గోరుకి గీతలు తగల్లేదు. పాలిష్ పట్టించి స్టాండర్డ్ బేరింగులే వేశాం. గ్రైండింగు పడుంటే గీత దాటేవాళ్లం.

హెడ్డు పాతదే కొన్నాం. దానికి నంబరు గొడవ లేదు, టెస్ట్ చేసి కొనుక్కోవచ్చు. మొదటిదాన్ని నా కళ్లముందు వేడినీళ్లలో పెట్టిస్తే బుడగలొచ్చాయి. రెండోది నిలబడింది. 5,000. వాల్వులు సీటింగు చేయించి, సీళ్లు మార్చాం.

ఇంతకీ బండి ఎందుకు వేడెక్కింది? అది తేల్చకుండా కొత్త బోరు కొట్టిస్తే రెండో వేసవికి మళ్లీ నా దగ్గరికే వస్తుంది. రేడియేటర్ విప్పితే అడుగు గొట్టాలు సగానికి పైగా తెల్లటి గారతో పూడిపోయి ఉన్నాయి. బాబాయ్ వేలితో గీకి చూశాడు. “ఇది మా నీళ్ల గుండిగ అడుగున పట్టేదే కదా!” అవును, అదే బోరుబావి నీళ్లు. పదహారేళ్లుగా కూలెంట్ లేదు, వంటకి నీళ్లు పట్టుకునే చోటే రేడియేటర్‌కీ పట్టాడు. థర్మోస్టాట్ కూడా లేదు, ఎవరో మెకానిక్ “వేడెక్కకుండా” పీకేశాడు. ఈ చికిత్స మన షెడ్లలో మామూలే. దానివల్ల చలికాలం పొద్దున్నపూట ఇంజిన్ వేడెక్కక, పెట్రోల్ ఎక్కువ తాగి, బోరు ఇంకా త్వరగా అరుగుతుంది. రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు కొత్తవి వేశాం.

ఫ్లోరు కన్నానికి రేకు వెల్డింగుతో సహా మొత్తం 37,100 తేలింది. గాస్కెట్ తప్పు నాది కాబట్టి నా మజూరీలో 2,000 తగ్గించుకున్నాను. 35,100. “గీత వంద దాటింది అబ్బాయ్” అని గుర్తు చేసి మరీ ఇచ్చాడు.

తర్వాత

మొదటి వెయ్యి కిలోమీటర్లు యాభై స్పీడు దాటొద్దు, సగం లోడే వెయ్యి, ఐదొందలకి ఆయిల్ మార్చు అన్నాను. ఆషాఢం కాబట్టి పాటించాడు. శ్రావణంలో మొదటి పెళ్లికి ముందు గేజి పెడితే 168, 170, 166. ఇది రాసేనాటికి పది నెలలైంది. ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య డిప్‌స్టిక్ మీద కొద్దిగా తగ్గుతోంది గానీ, మధ్యలో పోయాల్సిన పని పడలేదు.

నా షెడ్డులో మారినవి మూడు. వేడెక్కి వచ్చిన ఏ హెడ్డునీ వేడినీళ్ల టెస్ట్ లేకుండా బిగించను, ఓనరు వద్దన్నా సరే, ఆ ఆరు వందలు నేనే పెట్టుకుంటాను. పొడి, ఆయిల్ పోసిన కంప్రెషన్ అంకెలు రెండూ చీటీ మీద రాసి ఓనరు చేతికిస్తాను. “గాస్కెట్ మారిస్తే అయిపోతుంది” అని నా నోటితో అన్నా చీటీలో రింగుల సంగతి కనిపిస్తుంది. ఖర్చు గీత, ఆగాల్సిన చోట్లు కూడా ఆ చీటీ వెనకే రాసుకుంటాం. ఎక్కువమంది ఓనర్లకి ఇది నచ్చింది. ఒకాయన మాత్రం “బేరం ముందే తెగ్గొట్టేశావ్” అని వేరే షెడ్డుకి వెళ్లిపోయాడు.

పోయిన వారం బాబాయ్ మళ్లీ వచ్చాడు. రెండో గేరు పడేటప్పుడు కరకరమంటోంది. “గేర్‌బాక్స్ చేయించాలా, వేరేది వేయించాలా?” అన్నాడు. జవాబు చెప్పకుండా మ్యాట్లు తీయమని కుర్రాడికి చెప్పి, స్క్రూడ్రైవర్ తీసుకుని బండి కింద పడుకున్నాను.